మేనేజర్ మొప్పల మీద బూజు

ఆ రోజుల్లో బూజు గురించి నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదనుకునేవాణ్ణి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పాసై, నాచారం పారిశ్రామిక వాడలో ఓ పచ్చళ్ల ఫ్యాక్టరీ ల్యాబులో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. ఇరవై మూడేళ్ల వయసు, తెల్ల కోటు, జేబులో రెండు పెన్నులు. నేను చేసే పని ఏమిటంటే, ప్రతి బ్యాచ్ పచ్చడి నుంచీ ఓ చెంచాడు తీసి, గాజు పళ్లెంలో వేసి, వెచ్చటి పెట్టెలో ఉంచి, అయిదు రోజుల తర్వాత దాని మీద బూజు లేచిందో లేదో చూడడం. లేవకపోతే బ్యాచ్ పాసు. ఆ అయిదు రోజులూ ఎవరొచ్చి బతిమాలినా సరే, రిపోర్టు మీద సంతకం పెట్టేది లేదు. గేటు దగ్గర లారీ ఆగి ఉంటుంది, ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు, నేను మాత్రం కుర్చీలో వెనక్కి వాలి "అయిదు రోజులు సార్" అనేవాణ్ణి. నా మాటకు లారీ ఆగుతుందంటే ఆ వయసులో తల తిరగదా మరి. ఇంట్లో కూడా అదే వరస. ఇడ్లీ పిండి మూత తీసి వాసన చూసి "ఇందులో ఈస్ట్ ఎక్కువైంది" అని తీర్పు చెప్పేవాణ్ణి. (ఇడ్లీలు మాత్రం ఆరు తినేవాణ్ణి.)

ఇల్లంటే మా అక్కావాళ్ల ఇల్లు. నాచారంలో రెండో అంతస్తు పోర్షన్, ముందు చిన్న బాల్కనీ, గాలి ఎటు వీస్తే ఆ ఫ్యాక్టరీ వాసన. బావ హబ్సిగూడలో ఓ ఆఫీసులో పనిచేసేవాడు. బావ వాళ్లమ్మ, నేను అత్తమ్మ అని పిలిచే ఆవిడ, ఆ చలికాలం వలిగొండ దిక్కు నుంచి అక్క పురుడు పోయడానికి వచ్చింది. ఆ పురుడు జరిగిందనాలో జరగలేదనాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఊపిరి లేదు. అక్కకు చూపించలేదు. "సూస్తే మనసుల వడ్తది బిడ్డా. మల్ల కడుపు నిలువదు. యాడ వెట్టిన్రో గూడ చెప్పొద్దు" అంది అత్తమ్మ, దవాఖాన వరండాలో. మావైపు అది ఆనవాయితీ. ఎవరూ కాదనలేదు, నేనూ కాదనలేదు. బోడుప్పల్ దాటాక ఉన్న శ్మశానం దాకా బావ ఆటోలో వచ్చాడు కానీ దిగలేకపోయాడు. గుడ్డలో చుట్టినదాన్ని నా చేతికిచ్చి ఆటోలోనే తల పట్టుకుని కూర్చున్నాడు. నేనొక్కణ్ణే కాటికాపరి వెనక నడిచాను. చెప్పనని అత్తమ్మకు మాటిచ్చాను. అక్క అడగనూ లేదు, ఏడవనూ లేదు. తినమంటే తినేది, స్నానం చేయమంటే చేసేది, మిగతా పొద్దంతా గోడవైపు తిరిగి పడుకునేది. ఆ ఇంట్లో మాటలు లేకుండా పోయాయి. నేనైతే ఇడ్లీ పిండి గురించి కూడా ఏమీ అనడం మానేశాను.

ఇట్లా రెండు నెలలు గడిచాక, ఓ ఆదివారం బావ ఉప్పల్ నుంచి ఓ గాజు తొట్టీ, నీళ్లు నింపిన పాలిథిన్ కవరూ పట్టుకొచ్చాడు. ఇంటికి రాబుద్ధి కాక అక్కడ చేపల దుకాణం ముందు గంటసేపు నిలబడ్డాడట. ఆ కవరులో ఉన్నది చేప కాదు. యాక్సొలాటిల్ అంటారు, కప్పకు దూరపు చుట్టం, బతుకంతా నీళ్లలోనే. జానెడు పొడుగు, బల్లి లాంటి కాళ్లు, తలకు అటూ ఇటూ ఎర్రటి ఈకల్లాగా బయటికి వేలాడే మొప్పలు, ఎవర్ని చూసినా నవ్వుతున్నట్టుండే నోరు. ఒళ్లంతా లేత గులాబీ రంగు. చర్మం ఎంత పల్చన అంటే లోపలి నరాలు కనిపిస్తాయి. చిన్న చిన్న చేతులు, వాటికి వేళ్లు. దాన్ని చూడగానే నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నేను ఆ గుడ్డ మడత లోపలికి ఒక్కసారి చూసి ఉన్నాను కనుక. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. బావకు ఏం చేశాడో అప్పుడు అర్థమైనట్టుంది, కవరు పట్టుకుని గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. అక్క మాత్రం మంచం దిగి వచ్చింది. కవరు దగ్గరికి ముఖం పెట్టి చాలాసేపు చూసింది.

"ముందటి చేతులకు నాలుగే వేళ్లున్నయి" అంది. ఆ రెండు నెలల్లో ఆమె తనంతట తాను అన్న మొదటి మాట అదే.

ఆ రోజు నుంచి ఆ ఇల్లు మళ్లీ కదిలింది. దానికి చల్లటి నీళ్లు కావాలి, లేకపోతే బతకదు. మన హైదరాబాద్ ఎండల్లో అది ఎంత పనో మీరే ఊహించుకోండి. అక్క పొద్దున్నే లేచి, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి తొట్టిలో వేసేది. అది కరిగేలోపు ఇంకొకటి. పొద్దంతా కూలర్ గాలిలో కూర్చుని, తిండి వేళకు తప్ప కదలకుండా, వచ్చినవాళ్లందరికేసీ నవ్వుతుంది గనుక బావ దానికి "మేనేజర్ సాబ్" అని పేరు పెట్టాడు. "అచ్చం మా ఆఫీసుల సార్ లెక్కనే ఉన్నది గదనే" అంటే అక్క నవ్వింది కూడా. అత్తమ్మ నెల రోజులు దాని దిక్కు చూడలేదు. "గా గులాబి బల్లి" అనేది. కానీ మేనేజర్‌కి వానపాములంటే ప్రాణం అని తెలిశాక, ఓ రోజు బాల్కనీలో కరివేపాకు చెట్టున్న డబ్బా మట్టి తవ్వి, ఆకులో నాలుగు పాములు పెట్టి, ముఖం అటు తిప్పుకుని అక్కకు అందించింది. "ఊకె ఉన్న గదాని తవ్విన" అంది, ఎవరూ అడక్కుండానే.

మే నెలలో ఓ రోజు మధ్యాహ్నం అంతా కరెంటు పోయింది. ఆ రోజే అక్క దవాఖానకు చూపించుకోవడానికి వెళ్లింది, అత్తమ్మ తోడు వెళ్లింది. వాళ్లు తిరిగొచ్చేసరికి సీసాలన్నీ కరిగి, తొట్టి నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయట. రెండు రోజుల తర్వాత మేనేజర్ ఎడమ మొప్పల మీద తెల్లగా, దూది పింజ అంటుకున్నట్టు ఏదో కనిపించింది. నేను డ్యూటీ నుంచి రాగానే అక్క నా చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కెళ్లింది. "ఇది బూజే గదా తమ్మీ? నీకెర్కనే గదా ఇది" అంది. ఆమె కళ్లలో అంత ఆశ నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. వంగి చూశాను. బూజే. నా బూజు. నా సొంత సబ్జెక్టు మా ఇంటి హాల్లోకి నడిచొచ్చింది. ఛాతీ పొంగిందంటే ఇప్పుడు సిగ్గేస్తుంది గానీ, పొంగింది.

"ఫికర్ జెయ్యకక్కా, నేను జూస్కుంట" అన్నాను. ఏం చూసుకున్నానో వినండి. ల్యాబు నుంచి తెచ్చిన దూది పుల్లతో ఆ పింజలోంచి రవ్వంత తీశాను. మర్నాడు పొద్దున దాన్ని ఫ్యాక్టరీకి పట్టుకెళ్లి, గాజు పళ్లెంలో గీసి, వెచ్చటి పెట్టెలో నిమ్మకాయ పచ్చడికీ గోంగూర పచ్చడికీ నడుమ పెట్టాను. మూత మీద "మేనేజర్, ఎడమ మొప్ప" అని రాశాను. ముందు ఏ జాతి బూజో తేలాలి, తేలాకే మందు. అది పద్ధతి. పద్ధతి ప్రకారం అయిదు రోజులు. ఇంటికొచ్చి అదే చెప్పాను, లారీ డ్రైవర్‌కు చెప్పినట్టే.

"అయిదు దినాలా?" అంది అక్క.

"రిపోర్టు రాకుండ మందేస్తే గుడ్డిగ ఏసినట్టక్కా."

అక్క తలూపింది. చదువుకున్న తమ్ముడు చెప్తున్నాడు, ఊపక ఏం చేస్తుంది. మూడో రోజుకు పింజ కుడివైపు మొప్పలకూ పాకింది. మేనేజర్ తిండి మానేశాడు. వానపామును ముక్కు ముందు ఆడించినా నోరు తెరవలేదు. అప్పుడు అత్తమ్మ వంటింటి గుమ్మంలోంచి, నాకేసి సూటిగా చూడకుండా అంది: "జర దొడ్డుప్పు నీళ్లల్ల ముంచి తీస్తె ఎట్లుంటది బిడ్డా? పుండుకు గట్లనే జేస్తం గదా." నేను నవ్వాను. చిన్న నవ్వు కూడా కాదు. "ఉప్పేంది అత్తమ్మా, అదేమన్న ఊరగాయనా?" అన్నాను. ఆమె లోపలికి తిరిగింది. వెళ్లి పప్పులో తాలింపు వేసుకుంది. రోజుకు ఎనిమిది గంటలు ఉప్పు కుప్పల నడుమ తిరుగుతూ, బూజు రాకుండా ఉప్పు వేసే ఫ్యాక్టరీలో జీతం తీసుకుంటూ ఆ మాట అన్నది నేను. ఇది చెబితే నవ్వని వాళ్లను ఇంతవరకూ చూడలేదు, నేనూ నవ్వుతూనే చెబుతాను, కానీ అత్తమ్మ ఆ క్షణంలో తల దించుకున్న తీరు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అయిదో రోజు పళ్లెం బయటికి తీశాను. నల్లగా, దట్టంగా లేచింది. ఎంత దట్టంగా అంటే చూసి మురిసిపోయాను. అప్పుడే మా ల్యాబు ఇన్‌ఛార్జి మేడం వెనకనుంచి వచ్చి మూత మీది రాత చదివింది. ఆవిడది గుంటూరు వైపు, మాటలో మెత్తదనం ఉంటుంది గానీ మనిషిలో ఉండదు.

"మన మేనేజర్ గారికి మొప్పలెప్పుడు లేచాయయ్యా?" అంది.

విషయం అంతా చెప్పాను, కొంచెం గర్వంగానే. ఆవిడ పళ్లెం వెలుతురుకు పట్టి చూసింది. "ఇది మన పచ్చళ్ల గది గాలిలో ఉండే నల్ల బూజు. నువ్వు మూత తీసినప్పుడు పడింది. నీ జంతువు మీద ఉన్నది నీళ్ల బూజు, తెల్లది. అది ఇందులో ఎక్కడుంది?" అంది. ఎక్కడా లేదు. అయిదు రోజులు కష్టపడి నేను పెంచింది మా ఫ్యాక్టరీ దుమ్మును. "అది బతికే ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "బతికున్నదాన్ని పెట్టుకుని అయిదు రోజులు ఎందుకు ఆగావు?" ఆవిడ పళ్లెం నా చేతిలో పెట్టింది. "మన దగ్గర బూజు రాకుండా ఏం వేస్తాం?"

"ఉప్పు మేడం."

"మరి?" అని అడిగి, ఆవిడ తన పని చూసుకోవడానికి వెళ్లిపోయింది.

సగం రోజు సెలవు పెట్టి బండి మీద ఉప్పల్ పరిగెత్తాను, బావ కొన్న చేపల దుకాణానికి. దుకాణం అన్న స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ అంతా విన్నాడు. ఉప్పు నీళ్లలో రోజుకు రెండుసార్లు పది నిమిషాలు ముంచి తీయాలి, పాత నీళ్లు పూర్తిగా మార్చాలి, నల్లా నీళ్లు ఒక రాత్రి నిలవబెట్టాకే వాడాలి, ఎండిన బాదం ఆకు వేయాలి, ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఉంచాలి. ఇవన్నీ వేళ్ల మీద చెప్పాడు, పదో తరగతి తప్పినవాణ్ణని తనే ఓసారి బావకు చెప్పుకున్న మనిషి. "బూజు వచ్చి ఎన్ని దినాలైంది తమ్మీ?" అని అడిగాడు. "అయిదు, ఆరు" అన్నాను. అతను టీ గ్లాసు కింద పెట్టాడు. బాదం ఆకులు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి "ఉప్పు కావాలె" అన్నప్పుడు అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. దొడ్డుప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. అంటే బాగుండేది. ఫ్రిజ్‌లో కింది అర మొత్తం ఆవిడే ఖాళీ చేసింది. మైల, మడి అని రెండు నెలల కిందట గుడ్డు కూడా ఆ ఫ్రిజ్‌లో పెట్టనివ్వని మనిషి, పెరుగు గిన్నె తీసి కిటికీలో పెట్టి, అక్కడ మేనేజర్ డబ్బాకు చోటు చేసింది. స్టీలు బిందెల నిండా నీళ్లు పట్టి వరసగా నిలబెట్టింది. నేను ఉప్పు తూచాను, అక్క రెండు చేతుల దోసిట్లో మేనేజర్‌ని పట్టి ముంచింది, బావ ఫోన్‌లో టైము చూశాడు. ఆ నీళ్లలో అది గిలగిలలాడితే ముగ్గురం ఆ ఫోన్‌కేసే చూసేవాళ్లం. బావ మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా "నమస్తే సార్, డిస్టర్బ్ జేస్తున్న" అనేవాడు. అక్క ఒకసారి నవ్వింది, రెండోసారి నవ్వలేదు. రెండో రోజుకు తెల్ల పింజ ఊడి వచ్చింది. మేము సంబరపడ్డాం. దాంతో పాటు మొప్పలు కూడా ఊడి, మొండి ముక్కలు మాత్రమే మిగిలాయి. మళ్లీ మొలుస్తాయని నేను అక్కకు చెప్పాను, ఈ జాతికి మొలుస్తాయి, అది నిజమే. మొలవడానికి వ్యవధి ఉండాలి, అంతే.

మూడో రోజు పొద్దున ఏడింటికి అక్క ఫ్రిజ్ తెరిచి అట్లాగే నిలబడిపోయింది. మేనేజర్ పక్కకు ఒరిగి ఉన్నాడు. నవ్వు మాత్రం ఎప్పటిలాగే ఉంది. అది నవ్వు కాదు, నోటి ఆకారమే అంత, ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ఆ నవ్వును చూడలేకపోయాం.

అత్తమ్మ ముందు తేరుకుంది. "ఓ కవర్ల వెట్టి తీస్కపో బిడ్డా" అని నాతో అంది, మెల్లగా. బావ అలవాటైన పనిలాగా గోడకున్న బండి తాళాలు తీశాడు. నేను కవరు కోసం చూస్తున్నాను. అంతా అచ్చం ఆ రోజు లాగే జరగబోతోందని నాకు అప్పుడు తట్టలేదు. అక్కకు తట్టింది.

"ఆగున్రి" అంది. "దీన్ని గూడ మీరే తీస్కపోతరా?"

అక్క డబ్బాను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. చలికాలం నుంచి ఏడవనిదంతా, ఆ ఫ్రిజ్ తలుపు తీసే ఉండగా, దాని చల్లగాలి ముఖానికి తగులుతుండగా ఏడ్చింది. ఫ్రిజ్ తలుపు వేయాలని నాకు తోచింది, వేయడానికి ధైర్యం చాలలేదు. అత్తమ్మ వెళ్లి కోడలి పక్కన కూర్చుని, ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. "తప్పయింది బిడ్డా" అంది. ఏది తప్పో చెప్పలేదు. నాది కూడా ఆవిడే మోసినట్టు అనిపించి నేను బాల్కనీలోకి వెళ్లిపోయాను.

మేనేజర్‌ని కరివేపాకు డబ్బాలో, వానపాములు తవ్విన చోటే పెట్టాం. గుంత అత్తమ్మ తీసింది, పెట్టింది అక్క. తన చేతుల్తోనే మట్టి కప్పి, చేతులు కడుక్కోకుండానే నా దిక్కు తిరిగింది. "అది యాడున్నది తమ్మీ?" అని అడిగింది. నేను అత్తమ్మకేసి చూశాను, మాటిచ్చాను కనుక. అత్తమ్మ మట్టి చేతులు కొంగుకు తుడుచుకుంటూ "తీస్కపో బిడ్డా. నేనే వద్దన్న, ఇప్పుడు నేనే చెప్తున్న" అంది.

ఎండ పూర్తిగా ముదరక ముందే బయల్దేరాం. అక్క నా బండి వెనక కూర్చుంది. శ్మశానంలో పిల్లల్ని పెట్టే మూల ఉంది, ప్రహరీ గోడ వెంబడి. ఆ మూలకైతే సరిగ్గానే తీసుకెళ్లాను. అక్కడికెళ్లి నిలబడ్డాక ఏ చోటో తెలియలేదు. అయిదు నెలలైంది. కొత్తవి లేచాయి, పాతవి అణిగాయి, ఎక్కడా గుర్తు లేదు. ఆ రోజు కాటికాపరి మట్టి వేస్తున్నంతసేపూ నేను చూడలేక గోడవైపు తిరిగి ఉన్నాను. ఎటు తిరిగానో గుర్తుంది గానీ ఎక్కడ నిలబడ్డానో గుర్తు లేదు. అక్క నా ముఖంలోకి చూస్తోంది, బూజు చూపించిన రోజు చూసినట్టే. కనుక్కుని చెప్తానక్కా, కాటికాపరిని అడిగొస్తా, రేపొద్దాం, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఇక్కడనే అక్కా" అన్నాను. గోడకు రెండడుగుల ఇవతల, గడ్డి కాస్త పచ్చగా ఉన్న చోటు చూపించి.

అక్క అక్కడ కూర్చుంది. అరచెయ్యి ఆ మట్టి మీద ఆనించి, నిద్రపోయే పిల్లను జోకొట్టినట్టు చాలాసేపు మెల్లగా తట్టింది. తర్వాత లేచి "పోదాం పా. నీకు డ్యూటీకి ఆలస్యమైతది" అంది.

ఇదంతా జరిగి ఏడేళ్లు. ఇప్పుడు ఆ ల్యాబుకు నేనే ఇన్‌ఛార్జిని. కొత్తగా చేరిన పిల్లలు తెల్లకోటు వేసుకుని, రెండు పెన్నులు పెట్టుకుని, "అయిదు రోజులు సార్" అని లారీవాళ్లతో అంటుంటే వినడానికి ముచ్చటగానే ఉంటుంది. నా డెస్కులో ఓ పాత రిపోర్టు కాగితం ఉంది. శాంపిల్ పేరు దగ్గర "మేనేజర్", ఫలితం దగ్గర "నల్ల బూజు, విపరీతం", కింద నా సంతకం, ఎంత పెద్ద సంతకమో. దాన్ని చూసినప్పుడల్లా ఆ ఇరవై మూడేళ్లవాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించాలని కూడా అనిపిస్తుంది. అక్క ఏడాదికోసారి బోడుప్పల్ వెళ్లి, గోడకు రెండడుగుల ఇవతల నాలుగు బంతిపూలు పెట్టి వస్తుంది. బండి మీద తీసుకెళ్లేది నేనే. అది సరైన చోటేనా అని ఆమె ఇంతవరకూ అడగలేదు. నా ఉద్యోగ జీవితంలో ఏ పరీక్షా చేయకుండా, ఒక్క రోజు కూడా ఆగకుండా నేను చెప్పిన ఫలితం అదొక్కటే.